శ్రావణ ముసురులో కుక్కలు, పిల్లుల కబుర్లు

శ్రావణం వచ్చేసింది. పూల ధరలు కొండెక్కాయి. ఇళ్లల్లో నోములు, పేరంటాల హడావిడి. పశువైద్యుల దగ్గరా ఇప్పుడే రద్దీ. ఈ కాలంలో కుక్కలకూ పిల్లులకూ జబ్బులు జట్టుగా వస్తాయి. పైగా అవి బాధను బయటపెట్టవు. మూలిగేదాకా వచ్చిందంటే చాలావరకు జబ్బు ముదిరినట్టే. అందుకే గిన్నెలో అన్నం పెట్టే మనిషి చూపే వాటికి మొదటి రక్ష. ఆ చూపు ఎక్కడ నిలపాలన్నదే ఈ నెల కబురు.

పిడుదుల రాజ్యం

వానలు పడ్డాక పిడుదులు, అవే గోమార్లు, పేట్రేగిపోతాయి. చెవి లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో వెతకండి. అవి రక్తం తాగి ఊరుకోవు; ఎర్లికియా, బబీసియా లాంటి సూక్ష్మజీవుల్ని కుక్క ఒంట్లోకి ఎక్కిస్తాయి. రోజూ గేటు దాకా ఎదురొచ్చే కుక్క చాప మీంచి లేవకపోయినా, కోడికూర అన్నాన్ని వాసన చూసి వదిలేసినా, ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడటం అందరూ నేర్చుకోవాలి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉన్న కుక్కలకు కింది కనురెప్ప లోపల చూడండి. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు మామూలుగా నాలుగు వారాలు వాడమంటారు. నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతోంది కదా అని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్కతోపాటు ఇంటికీ మందు కొట్టాలి. ఒక్క హెచ్చరిక: పర్మెత్రిన్ ఉన్న కుక్కల పిడుదు మందు పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉంటే మరీ జాగ్రత్త.

బురద నీళ్లు, పుండ్లు

వీధిలో నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. ఆ నీళ్లు తాగినా, అందులో పొర్లినా కుక్కకు లెప్టోస్పైరోసిస్ రావచ్చు. జ్వరం, వాంతులు, కళ్లూ చిగుళ్లూ పసుపు పచ్చబడటం దాని గుర్తులు. ఇది మనుషులకూ అంటుతుంది. జబ్బు కుక్క మూత్రం కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. దీనికి ఏటా వేసే టీకా ఉంది.

చిన్న గాయమే అనుకుంటాం. ఈ ముసురులో ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. దుర్వాసన వస్తున్నా, ఒకేచోట అదేపనిగా నాకుతున్నా వెంట్రుకలు పాయదీసి చూడండి. కిరోసిన్, ఫినాయిల్ పోయకండి. కండ కాలిపోతుంది, నాకితే విషం లోపలికి పోతుంది. వైద్యుడి దగ్గర శుభ్రం చేయిస్తే ఎంత పెద్ద పుండైనా మానే అవకాశం ఉంది.

వ్రతం పళ్లెం, రాఖీ దారం

వరలక్ష్మీ వ్రతం నాటి పాయసంలో కిస్‌మిస్ పళ్లు ఉంటాయి. అవి కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు కుక్కల్లోనూ పిల్లుల్లోనూ రక్తకణాలను చిదిమేస్తాయి. రాఖీ పౌర్ణమికి వచ్చే చాక్లెట్ డబ్బా అందకుండా పైన పెట్టండి. పొరపాటున తింటే ఏది, ఎంత, ఎప్పుడు తిన్నదో చెబుతూ వెంటనే వైద్యుడికి ఫోన్ చేయాలి. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించొద్దు.

పిల్లులకైతే దారాలే గండం. రాఖీ దారం, తోరం, పూలదండ దారం ఆడుకుంటూ మింగేస్తాయి. నోట్లోనో, వెనకవైపో దారం కొస కనిపిస్తే లాగకండి. లోపల పేగులు కోసుకుపోతాయి. అలాగే ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లండి.

గండుపిల్లి మొర

గండుపిల్లి మాటిమాటికీ ఇసుక పెట్టె దగ్గరకు వెళ్లి, ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయకుండా తిరిగొస్తోందా? మలబద్ధకమని ఆముదం పట్టకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే స్థితి అది. అర్ధరాత్రైనా బయలుదేరాల్సిందే. పిల్లి నోరు తెరిచి రొప్పినా అంతే తొందర. రెండు రోజులు ముద్ద ముట్టకపోయినా ఊరుకోకూడదు. ఉపవాసం దాని కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బొద్దు పిల్లికి మరీను.

ఒళ్లు వెచ్చగా తగిలితే మన జ్వరం మాత్ర వేసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. దయచేసి వద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కకూ పిల్లికీ ఉష్ణోగ్రత ఆరోగ్యంగా ఉన్నప్పుడే మనకంటే ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది.

టీకాల మాట

జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి రేబిస్ టీకా వేయించాడు. మన రెండు రాష్ట్రాల్లో ఆ రోజున పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఈసారి తప్పిపోయినవాళ్లు సెప్టెంబరు 28, రేబిస్ దినం దాకా ఆగక్కర్లేదు. ఈ వారమే వేయించండి. ఏ కుక్క కరిచినా, పిల్లి రక్కినా పుండును సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే దవాఖానాకు వెళ్లాలి. కారం, సున్నం పూయడం వల్ల పుండు రేగుతుందే తప్ప రేబిస్ ఆగదు.

వానలు వెనకపట్టాక వీధుల్లో కుక్కపిల్లలు కనిపిస్తాయి, పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెస్తారు. తెచ్చిన వారంలోపే వైద్యుడికి చూపించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో టీకా మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. పార్వో సోకి వాంతులు, నీచువాసనతో రక్త విరేచనాలు మొదలైతే చిట్కాలతో గంటలు వృథా చేయకూడదు. ఒంట్లో నీళ్లు ఇంకిపోయి పిల్ల చనిపోతుంది. సెలైన్ త్వరగా ఎక్కిస్తే బతికేవి చాలా ఉన్నాయి.

పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే టీకా తేదీ, నులిపురుగుల మందు తేదీ, నెలకోసారి తూచిన బరువు రాసుకోండి. మీ ఊళ్లో రాత్రిపూట తలుపు తీసే పశువైద్యశాల ఏదో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు కూడా దాని పక్కనే రాయండి.