కొల్లేటి గట్టుమీద

మొన్న సంక్రాంతికి బావగారి ఊరు కైకలూరు వెళ్ళి, పనిలో పనిగా ఆటపాక దాకా పోయి వచ్చాను. గట్టెక్కితే ఎదుట కొల్లేరు! ఉత్తరదేశాల చలికి వేలమైళ్ళు ఎగిరివచ్చిన సూదితోక బాతులు నీళ్ళమీద కునుకుతున్నాయి. ఇవతల కోతలైన చేలో ఓ ముసలాయన పెంపుడు బాతుల మందను రాలుగింజలకు తోలుతున్నాడు.

"ఇవి ఎగరవేం, పెద్దాయనా?" అన్నాను.

"ఎగిరితే నా గతేం కాను బాబూ! ఎగరడం దాకా ఎందుకు, గుడ్లే సరిగా పొదగవు. కోడిపెట్ట కింద పెట్టాల్సిందే."

డార్విన్ మహాశయుడు బాతుల ఎముకలు తూచి చూశాడు. అడవిబాతుకన్నా పెంపుడుబాతుకు, ఒంటి ఎముకల మొత్తంలో రెక్కల ఎముకల పాలు తక్కువ, కాళ్ళవి ఎక్కువ అని 1859లో రాశాడు. ఎగరడం తగ్గి నడక పెరగడమే కారణమన్నాడు. బరువైనవాటినే ఏరి పెంచుకున్న మన పాత్ర కూడా ఉందేమోనని నా అనుమానం.

సూదితోక బాతు తల ముంచి, తోక పైకెత్తి మేస్తుంది. దానికి లోతులేని నీరు కావాలి; చేపలచెరువు లోతులో అందేదేముంది? కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2006లో చెరువుగట్లు పగలగొట్టారు. తరువాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

ఇంతలో గుంపు బుర్రున లేచింది. మందలోని బాతులు మెడలెత్తి చూశాయి.

"మళ్ళీ వస్తాయా?" అన్నాను.

"మేత ఉంటే వస్తాయి బాబూ" అంటూ ఆయన కర్ర తీసుకుని మందను మళ్ళించాడు.