మల్లిక్ బజారులో ఒక ముసురు ఉదయం
కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మల్లిక్ బజారు పాత మోటారు విడిభాగాలకు పేరెన్నికగన్నది. ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయిన పిమ్మట ఆ కార్లకు ఆయువు పోస్తున్నవి ఇటువంటి వీధులే.

శ్రావణమాసపు ముసురులో ఒక పెట్రోలు అంబాసిడర్ అక్కడికి చేరింది. స్టార్టర్ ఇంజనును చురుకుగా తిప్పుతున్నది. ఇంజను మాత్రం అందుకోవడం లేదు. ఇక పాత ఇనుముకు అమ్మవలసిందేనని యజమాని నిట్టూర్చాడు. వృద్ధుడైన మిస్త్రీ తొందరపడలేదు. ఇంజను అంత చురుకుగా తిరుగుతున్నదంటే బ్యాటరీలో సత్తువ ఉన్నట్లే. కార్బురేటరుకు పెట్రోలు అందుతున్నది. ప్లగ్గు వద్ద మాత్రం నిప్పురవ్వ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పగా లోపల సన్నని చెమ్మ! విద్యుత్తు ప్లగ్గులను చేరక ఆ తడి మీదుగా జారిపోతున్నది. పొడిగుడ్డతో తుడిచి, పాయింట్లను శుభ్రపరచి, మూత బిగించాడు. ఈసారి తాళంచెవి తిప్పగానే ఇంజను గొంతు సవరించుకున్నది.

తుక్కుగా పోవలసిన బండికి పట్టిన జబ్బల్లా ఆ కాస్త చెమ్మే.