తెర మీద లోలకం

గుంటూరులో ఎంపీసీ చదివిన పిల్లల్ని నిద్రలేపి అడిగినా లోలకం సూత్రం తడుముకోకుండా చెబుతారు. పొడవు మీటరైతే డోలన కాలం సుమారు 2 సెకన్లు. అది చిన్న ఊపులకే చెల్లుతుందన్న షరతు మాత్రం పుస్తకంలో ఓ మూలన ఉండిపోతుంది.

అదే లోలకాన్ని 90 డిగ్రీలు పక్కకు లాగి వదిలితే? కాగితం మీద ఇంటర్ గణితం చాలదు. పైథాన్‌లో పది పదిహేను వరుసలు చాలు. ఈ క్షణాన బలమెంత, దాంతో వేగమెంత మారింది, ఆ వేగంతో ఎంత జరిగింది. సెకనులో వెయ్యో వంతు చొప్పున ఇదే లెక్క మళ్లీ మళ్లీ. జవాబు 2.37 సెకన్లు, అంటే 18 శాతం ఎక్కువ.

నాకు నచ్చే మెలిక ఇక్కడే ఉంది. పాత వేగంతో స్థానాన్ని జరిపితే తెర మీది లోలకం ఊపు ఊపుకూ లేని శక్తిని కూడబెట్టుకుంటుంది. అప్పుడే మార్చిన వేగంతో జరిపితే శక్తి హద్దులో ఉంటుంది. పరీక్ష కోసం వల్లించిన శక్తి నిత్యత్వ నియమమే ప్రోగ్రాము తప్పును పట్టిస్తుంది.

పర్చూరు చేలల్లో గాలికి ఎగిరే పత్తి పింజ సంగతీ అంతే. బిట్ల పుస్తకం గాలి నిరోధాన్ని వదిలెయ్యమంటుంది. ప్రోగ్రాములో అది ఒక్క వరుస.

ఎంఐటీ ఆచార్యులు సస్‌మన్, విజ్‌డమ్ 2001లో యాంత్రిక శాస్త్రాన్ని ప్రోగ్రాములతో బోధించే పుస్తకమే తెచ్చారు. 1988లో ప్లూటో గమనంలో గందరగోళం (కేయాస్) ఉందని కంప్యూటరు లెక్కలతో చూపిందీ వాళ్లే.

నిమిషానికో బిట్టు కొట్టడం మన పిల్లలకు బాగా వచ్చు. ఒక్క లెక్కతో సాయంత్రమంతా గడిపే తీరికను కూడా వాళ్లకు ఇవ్వాలి.