కుందేలు కాపాడిన ఒడ్డు

ఆరు పౌండ్లు! 1890లో లండన్‌లోని ఓ గ్రీటింగ్ కార్డుల సంస్థ తన బొమ్మలకు ఇచ్చిన ఆ డబ్బు చూసి 23 ఏళ్ల బియాట్రిక్స్ పాటర్ సంబరపడిపోయింది. ఆ బొమ్మలకు ఆధారం ఆమె పెంపుడు కుందేలే. మరి సంపాదనలో దానికీ వాటా ఉండాలిగా! కప్పు నిండా గంజాయి గింజలు పెట్టింది. మర్నాడు ఉదయం మళ్లీ బొమ్మ వేద్దామని కూర్చుంటే... కుందేలు మత్తులో జోగుతోంది, చెప్పిన మాట వినదే! ఈ ముచ్చటంతా ఆమె తన డైరీలో రాసుకుంది.

మూడేళ్ల తర్వాత, జబ్బుపడిన ఓ చిన్నారికి ఏం రాయాలో తోచక బొమ్మలతో ఓ కథే ఉత్తరంగా రాసి పంపింది. నీలం కోటు వేసుకుని తర్వాత లోకమంతా తిరిగిన పీటర్ రాబిట్ పుట్టింది ఆ ఉత్తరంలోనే. దాన్ని పుస్తకంగా వేయమంటే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. ఆమె పట్టుదల ఒక్కటే: పుస్తకం చిన్న చేతుల్లో ఇమడాలి, ధర చిన్నవాళ్లకు అందాలి. చివరికి 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించింది.

మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ఆ పుస్తకాన్ని రంగుల్లో తెచ్చింది. ధర ఒక్క షిల్లింగు. మూడు రంగులకు మూడు అచ్చు పలకలు చేసి, ఒకదానిపై ఒకటి అద్దే కొత్త పద్ధతి అప్పటికే వచ్చింది. అందుకే ఆమె లేత నీటిరంగులు అంత చవకలోనూ కళ తప్పకుండా కాగితం మీదికి దిగాయి. కానీ అమెరికాలో కాపీరైటు నమోదు కాలేదు. అక్కడ దొంగ ముద్రణలు వచ్చాయి. ఆ అమ్మకాల్లో ఆమెకు దక్కింది శూన్యం.

ఇక్కడ దక్కిన డబ్బును మాత్రం ఆమె నగల మీద పెట్టలేదు. 1905లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే పొలం కొంది. ఆ తోట, ఆ గోడలు, ఆ పల్లె దారులు మళ్లీ కొత్త పుస్తకాల్లో బొమ్మలయ్యాయి. పొలం బొమ్మలనిచ్చింది, బొమ్మలు పొలాలను కొనిపెట్టాయి.

అసలు పరీక్ష 1927లో వచ్చింది. విండర్‌మియర్ సరస్సు ఒడ్డున కాక్‌షాట్ పాయింట్ అనే స్థలం భవనాల పాలయ్యేలా ఉంది. దాన్ని కొనడానికి విరాళాలు సేకరిస్తున్నారు. అప్పటికి ఆమెకు 60 దాటాయి, చూపు మందగించింది. అయినా పీటర్ కథలోని పాత బొమ్మలను తన చేత్తో మళ్లీ వేసి, సంతకం చేసి, 50 బొమ్మలను బోస్టన్‌లోని ‘హార్న్ బుక్’ పత్రికకు పంపింది. ఒక్కోటి గినీ, అంటే 21 షిల్లింగులు. ఊరికే సాయం అడగలేదు... డబ్బుకు బదులుగా బొమ్మ ఇచ్చింది.

ఏ దేశంలో ఆమె కుందేలు దొంగతనానికి గురైందో, అదే దేశపు పాఠకులు చేయి చాచి అందుకున్నారు. ఆ సరస్సును ఎన్నడూ చూడనివాళ్లు కూడా దాని ఒడ్డు కోసం డబ్బు పంపారు. స్థలం నిలిచింది!

1943 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. 4,000 ఎకరాలకు పైగా భూమి, పొలాలు నేషనల్ ట్రస్టుకు చెందేలా వీలునామా రాసి వెళ్లింది.

ముద్దొచ్చే కుందేలు, కప్ప, ఉడుత బొమ్మలను ఎవరైనా గోడకు తగిలించుకుంటారు. అవి తిరిగే గడ్డి నేల ఏమైందని అడిగేవాళ్లే తక్కువ. పాటర్ ఆ ప్రశ్న మర్చిపోలేదు. నేల అమ్ముడుపోకూడదని బొమ్మ అమ్మింది. నేటికీ ఆ ఒడ్డున ఎవరైనా తీరిగ్గా నడవొచ్చు.