కృష్ణాతీరమున ఉన్నిబట్ట

కృష్ణాడెల్టాలో ఉన్నిబట్టకేమి పని యని పొరుగుసీమలవారు నవ్వవచ్చును. విజయవాడలో వేసవియెండ ఒక్కొకయేడు 45 డిగ్రీలు దాటును. చలి యనునది ధనుర్మాసమున తెల్లవాఱుజామున కొంత తెలియును, ప్రొద్దెక్కగానే పోవును. అయినను ఈ సీమలో ఉన్ని రెండు తావుల గౌరవము పొందినది: వంటయింట ధావళిగాను, ఏలూరిలో తివాచీగాను. ఈ రెంటిని చూచుటకును, వానికి జతగా పెడన నూలుబట్టను చూచుటకును మేము గడచిన శీతకాలమున మూడు దినములు కాలువల వెంబడి తిరిగితిమి.

విజయవాడయే మా తొలి మజిలీ. ఇంద్రకీలాద్రి క్రింద దుర్గాఘట్టమున తెల్లవాఱకముందే స్త్రీలు స్నానమాడి మడి కట్టుకొనుచుండిరి. పట్టు కట్టినవారు కొందఱు, నూలుమడి కట్టినవారు పెక్కండ్రు. ఒక వృద్ధురాలు మాత్రము ధావళి కట్టియుండెను. ఉన్నికి మైల తగులదనియు, దానిని దినదినము తడుపనక్కఱలేదనియు పెద్దల యాచారము. ఆమె నడుమును, మెడయు, మోచేతి మడతలును ఎఱ్ఱగా కందియుండుట చూచి, "పిన్నిగారూ, మందేమైనా రాస్తున్నారా?" అని యడిగితిమి.

"మందెందుకమ్మా! ధావళి కట్టినన్నాళ్లూ ఉండేదే. మా అత్తగారూ ఇలాగే ఓర్చుకున్నారు" అని యామె నవ్వెను.

ఇట్లోర్చుకొన్నవారు మన యిండ్ల నెందఱు లేరు! క్రొత్తకోడలు గీరుకొన్నచో "సుకుమారి" యని యెత్తిపొడుచుటయు మనము వినని మాట కాదు. ఓర్పు స్త్రీకి భూషణమే. కాని నివారింపదగిన బాధను కారణము విచారింపక ఓర్చుట భూషణము కాదు.

అసలు ఉన్ని యీ నేలది కాదు. మన పొలముగట్లపై మేయు నెల్లూరుజాతి గొఱ్ఱెలకు పొట్టివెండ్రుకలే గాని ఉన్ని లేదు. ఉన్నినిచ్చు దక్కనీజాతి గొఱ్ఱెలు తెలంగాణమునను, రాయలసీమ మెట్టలయందును పెరుగును. అచటి కురుమలు ఆ యున్నిని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు చేయుదురు. వానకు గొడుగై, రాత్రికి పఱుపై, మంచుకు కప్పై గొంగళి కాపరికి ఇల్లువంటిది. అతడు దానిని పైని కప్పుకొనునే గాని, వట్టియొంటికి చుట్టుకొని పొయ్యిముందు కూర్చుండడు. ధావళి గొంగళికంటె పలుచనిదే. కాని ఉన్నిగుణము దానిని విడువలేదు.

ఆ గుణమేమో నేటి శాస్త్రజ్ఞులు చక్కగా తేల్చిరి. మిల్లీమీటరులో వేయవవంతును మైక్రానందురు. మెరీనోగొఱ్ఱెల సన్నపుటున్నివెండ్రుక 20 మైక్రానుల లావునకు లోపుగా నుండును; చర్మమునకు తగిలినంతనే దాని కొన వంగిపోవును. సుమారు 30 మైక్రానులు మించిన ముతకవెండ్రుక వంగదు. దాని కొన ముల్లువలె నిలిచి చర్మమందలి నరముల కొనలను పొడుచును. దక్కనీ యున్నిలో ఇట్టివే మెండు. చెమటకు చర్మము మెత్తబడినకొలది పోటు హెచ్చును. కావున దురద పుట్టుట ఒంటి దౌర్బల్యము కాదు, రక్తదోషమును కాదు. ఉన్నియే యెంతమాత్రము సరిపడని శరీరములు బహు అరుదు.

మఱియొక సంగతి. ఉన్ని తన బరువులో మూడవవంతుదాక తేమను లోన దాచుకొని, పైకి పొడిగానే తోచును. మైల తగులదను నమ్మికకు ఇదియు నొక మూలము కావచ్చును. కాని తేమ ఆరినను చెమటలోని యుప్పు ఆ బట్టలోనే నిలుచును. అదియే మఱునాడు కందినచోట మరల రాచుకొనును. కంబళిలో తింటూ వెండ్రుకలు ఏరినట్లని సామెత. ఉతుకని ధావళి కట్టుకొని దురదకు మందు వెదకుటయు నట్టిదే.

మఱునాడు ఏలూరునకు పోయితిమి. విజయవాడయొద్ద కృష్ణకు తొలి యానకట్ట 1855లో పూర్తియయ్యెను. దాని తావున నేటి ప్రకాశం బ్యారేజి 1957లో వెలసెను. అచటినుండి బయలుదేరు ఏలూరుకాలువపై ఒకప్పుడు సరకుపడవలు సాగెడివి. ఏలూరిలో తివాచీమగ్గములు పూర్వముకంటె తగ్గినవి గాని పనితనము తగ్గలేదు. నూలుపడుగుపై రంగుటున్నిని ముడివేసి, కత్తితో కోసి, వరుసవెంట వరుస దువ్వెనతో దిగగొట్టుచుందురు. తివాచీని అరచేత నిమిరిన గరుకు అంతగా తెలియలేదు. ముంజేతి లోపలివైపు రాచినంతనే చురుక్కుమనెను. కాని ముతకయున్నియే కాలిక్రింద నణగి మరల లేచి చిరకాలము నిలుచును. ఒంటికి దోషమైనది నేలకు గుణమయ్యెను! వస్తువు చెడ్డది కాదు, చోటు తెలిసి వాడవలెను.

మూడవనాడు గుడివాడమీదుగా పెడన చేరితిమి. ఇచటి కలంకారీ ముఖ్యముగా నూలుబట్టమీదనే. బట్టను కరక్కాయరసమును పాలును కలిపిన నీట ముంచి యారవైతురు. బెల్లపునీట తుప్పుటినుము నానవైచి నల్లరంగును, పటికతో ఎఱుపును రప్పింతురు. చెక్కయచ్చులతో అద్ది, పాఱునీట జాడించి, ఉడికించి, మరల జాడింతురు. ఇన్ని నీళ్లు త్రాగిన బట్ట చంటిబిడ్డ చెక్కిలికి రాచినను గ్రుచ్చుకొనదు. మన యుక్కకు తగిన బట్ట మన కాలువలే యుతికి యిచ్చుచున్నవి.

ఇక గృహిణులకు పనికివచ్చు మాటలు. కాశికో బదరికో పోవుచు ఉన్నిబట్ట కొనునపుడు అరచేత గాక మెడప్రక్కను, ముంజేతి లోపలివైపును రాచి చూడవలెను. లోపల మెడయు చేతులును కప్పు నూలురవిక తొడుగుకొన్నచో ముతకయున్నియు చాలవఱకు బాధింపదు. చలువనీట కుంకుడునురుగుతో మెల్లగా నొత్తి, పిండక, నీడను పఱచి యారవేయవలెను. వేడినీట రుద్దినచో ఉన్ని ముడుచుకొని గట్టిపడును. చెమటబట్టను అట్లే మడిచి పెట్టెలో పెట్టరాదు. ఉన్నిని తిను పురుగులకు అదియే విందు. కందిన చర్మమును చన్నీట కడిగి, ఒత్తి తుడిచి, చెమట యారినపిమ్మట కొంచెము కొబ్బరినూనె రాయవచ్చును. ఎగ్జిమా గల పసిబిడ్డల కొంటికి ముతకయున్ని తగిలింపరాదు. మచ్చ ఉంగరమువలె గుండ్రమై, అంచు ఎఱ్ఱనై, నానాటికి వ్యాపించుచున్నచో అది ఉన్నిపోటు కాదు, తామర. అపుడు అంగడిలో నడిగి తెచ్చిన స్టెరాయిడు మలాములు పూయక వైద్యునికి చూపవలెను. అవి మొదట శాంతింపజేసి వెనుక విజృంభింపజేయును.

మడి యనగా శుచి. ఉతికి, ఎవరును తాకకుండ ఆరవేసిన నూలుచీరయు మడియేయని మన యిండ్ల పెద్దలందఱకును తెలియును. కావున ధావళిని చలిప్రొద్దుల జపమునకును, అనుష్ఠానమునకును ఉంచి, పొయ్యియొద్ద నూలుమడి కట్టుటవలన ఆచారమునకు లోటు రాదు, శరీరమునకు సుఖము కలుగును. సోదరీమణులారా! మీ యింట కోడలు గాని, కూతురు గాని, వృద్ధురాలగు అత్తగారు గాని దురద యని చెప్పినచో, వారి యోర్పును తూచుటకు ముందు వారు కట్టిన బట్టను త్రిప్పి చూడుడు.