గాలి ఊళ్లో చిప్పుల పందెం

తైవాన్ రాజధాని తైపేలో హైస్పీడ్ రైలెక్కితే అరగంట దాటేసరికి షిన్‌చూ వచ్చేస్తుంది. అక్కడివాళ్లు దీన్ని ‘గాలి ఊరు’ అంటారు. ఇక్కడి బియ్యప్పిండి సేమ్యాలు ఆరేది ఆ గాలికే. పాత ఊళ్లో నగర దేవుడి గుడి, చుట్టూ తిండి కొట్లు. వేడివేడి సేమ్యా తింటుంటే, మన జేబులోని ఫోన్‌కీ ఈ ఊరికీ ఏం సంబంధం అనిపిస్తుంది. చాలానే ఉంది!

1980లో మొదలైన ఇక్కడి సైన్స్ పార్క్‌లోనే మీడియాటెక్ ప్రధాన కార్యాలయం. 1997లో పుట్టిన ఈ కంపెనీ మొదట్లో సీడీ, డీవీడీ డ్రైవ్‌లకు చిప్పులు చేసేది. తర్వాత ఫోన్లలోకి దిగింది. చిప్పుతో పాటు ఫోన్ డిజైన్ కూడా రెడీగా ఇచ్చేసరికి షెన్‌జెన్‌లోని చిన్న తయారీదారులు కూడా చకచకా ఫోన్లు చేసేశారు. అప్పట్లో మన ఊళ్లలో పెద్ద స్పీకర్లతో మోత మోగించిన చవక ఫోన్లు గుర్తున్నాయా? వాటిలో చాలావాటికి ప్రాణం ఈ చిప్పే.

పసిఫిక్ అవతల, అమెరికాలోని శాన్ డియాగోలో దీని పోటీదారు క్వాల్‌కామ్. మన హైదరాబాద్‌లోనూ దానికి పెద్ద ఆఫీసుంది. ఇద్దరి పోటీ మల్టీమోడ్ చిప్పుల్లోనే. అంటే 2జీ నుంచి 5జీ దాకా అన్ని భాషలూ వచ్చిన చిప్పు. రైల్లో వెళ్తుంటే 5జీ పోయి 4జీ వచ్చినా కాల్ తెగకుండా చూసేది అదే.

వినడానికి తేలికే, చేయడమే కష్టం. కొత్త తరం నేర్చుకోవాలి, పాతవి మర్చిపోకూడదు. దేశదేశాల నెట్‌వర్క్‌ల మీద పరీక్షలకు నెగ్గాలి. ఆ ఖర్చు ముందు మహామహులే చేతులెత్తేశారు. బ్రాడ్‌కామ్ 2014లో తప్పుకుంది. ఇంటెల్ 2019లో స్మార్ట్‌ఫోన్ మోడెమ్ వ్యాపారాన్ని 100 కోట్ల డాలర్లకు యాపిల్‌కి అమ్మేసింది. యాపిల్ సొంత మోడెమ్ ఫోన్‌లోకి వచ్చేసరికి 2025 అయింది. అది తన ఫోన్లకే. బయటి కంపెనీలకు అమ్మేవాళ్లలో ముఖ్యంగా మిగిలింది క్వాల్‌కామ్, మీడియాటెక్, చైనా యూనిసాక్.

అసలు తమాషా సైన్స్ పార్క్‌లోనే ఉంది. 1987లో మొదలైన టీఎస్ఎంసీ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. మీడియాటెక్ డైమెన్సిటీ చిప్పుల్ని, క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్‌లలో చాలావాటినీ తయారుచేసేది ఈ కంపెనీయే. పోటీపడే ఇద్దరూ ఒకే వంటవాడి చేత వండించుకుంటున్నారన్నమాట!

ఈ పందెం మనకెందుకంటారా? ఇద్దరు పోటీపడితేనే చవక ఫోన్‌లోకీ 5జీ వస్తుంది. ఒక్కడే మిగిలితే ధర అతను చెప్పిందే. ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లు చూశాక, చిప్పు పేరున్న లైన్ కూడా చదవండి. ఆ పేరు పక్కన పోటీకి ఇంకో పేరు ఉన్నంతకాలం మన జేబు భద్రం.