నీళ్ళు తాగకుండా ఆడిన ఎండాకాలం

2023 ఎండాకాలంలో నాకు కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అప్పటికి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి ఉన్నాను. కబడ్డీ ఆడేదాన్ని. ఆ రోగం ఎట్లా వచ్చిందో బయట చెప్పడానికి చాలా కాలం సిగ్గుపడ్డాను. ఇప్పుడు డీపీఈడీ చదువుతున్నాను. రేపు ఏదో ఒక బడిలో పీఈటీనవుతాను. నా దగ్గర ఆడే పిల్లలకు ఆ సిగ్గు అంటకూడదని రాస్తున్నాను.

మాది శ్రీరాంపూర్. బాపుది సింగరేణిలో బాయి పని. ఆ మే నెలలో మంచిర్యాలలో సమ్మర్ క్యాంపు పెట్టారు. గ్రౌండు పేరు రాయను, నడిపినవాళ్ళ పేర్లూ రాయను. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఇట్లాంటి గ్రౌండు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది.

పొద్దున ఐదు కాకముందే ఆటో ఎక్కి ఐబీ చౌరస్తాలో దిగేవాళ్ళం. జిల్లా జట్టు సెలక్షన్లు దగ్గరపడ్డాక రెండు పూటలా ప్రాక్టీసు పెట్టారు. ఆటో కిరాయి రెండుసార్లు పెట్టుకునే స్తోమత లేనివాళ్ళం మధ్యాహ్నం అక్కడే చెట్టు కింద ఉండిపోయేవాళ్ళం. మంచిర్యాల ఎండల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మేలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు.

గ్రౌండులో స్తంభాలకు కొత్త లైట్లున్నాయి. గ్యాలరీ మెట్లకు రంగులేశారు. ఓ మూల కసరత్తు సామాన్లు బిగించారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి మాత్రం లేదు. పక్కన బడిలో ఉంది. సెలవులు కాబట్టి దానికి తాళం. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు వాళ్ళ ఊళ్ళో. మగపిల్లలు గోడ వెనక్కి పోయి వచ్చేవాళ్ళు.

మొదటి రోజే ఒక సీనియర్ అక్క చెప్పింది: "ఇంటికాడనే పోయి రా. ఈడ నీళ్ళు తాగకు. మరీ దూపైతే నోట్లె పోసుకొని పుక్కిలించి ఉమ్మెయ్." ఆమెకు అంతకుముందు ఇంకో అక్క చెప్పిందట. కబడ్డీలో కూతకు 30 సెకన్లు. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. అయినా నీళ్ళ సీసా నిండుగా తెచ్చి, నిండుగానే ఇంటికి తీసుకుపోయేదాన్ని. అమ్మ అడిగితే అక్కడ కూలర్ ఉందని చెప్పాను.

క్యాంపు రెండో వారంలో మంట మొదలైంది. ఒంటికి పోతే చుక్క చుక్క పడేది, టీ డికాక్షన్ రంగులో. ఎవరికీ చెప్పలేదు. మంట పుడుతుందని నీళ్ళు ఇంకా తగ్గించాను. సరిగ్గా అప్పుడే నెలసరి కూడా వచ్చింది. సామాన్ల గది వెనక ఇద్దరు స్నేహితురాళ్ళు చున్నీలు అడ్డం పట్టుకుంటే ప్యాడ్ మార్చుకున్నాను. గ్యాలరీ మీద నుంచి ఎవరో నవ్వారు. మమ్మల్ని చూసే నవ్వారో లేదో తెలియదు. ఆ రోజు రెయిడ్‌కు పిలిస్తే కాళ్ళు ఆడలేదు.

తర్వాత చలిజ్వరం వచ్చింది. దగ్గర్లోని ఆర్‌ఎంపీ వడదెబ్బ అన్నాడు. సూది వేసి, ఓఆర్‌ఎస్ తాగమన్నాడు. ఆయన ముందు, బాపు ముందు మంట మాట ఎట్లా ఎత్తుతాను? తలూపి వచ్చేశాను. సూదితో ఒక పూట జ్వరం తగ్గింది. మర్నాడు మళ్ళీ గ్రౌండుకు పోయాను. పోకపోతే పేరు కొట్టేస్తారని భయం.

ఆ రాత్రి కుడివైపు నడుము పైన, పక్కటెముకల కింద నొప్పి లేచింది. దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మంచినీళ్ళు కూడా వాంతి అయ్యాయి. బాపు నైట్ షిఫ్టులో ఉన్నాడు. చచ్చిపోతున్నానని అరిచానట. నాకు అది గుర్తు లేదు, అమ్మ చెప్పింది. మా క్వార్టర్ల లైనులోని ఆటో మామయ్య నిద్రలోంచి లేచి రామకృష్ణాపూర్ ఏరియా ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారిలో ఆటో కుదిపినప్పుడల్లా నడుములో కత్తి దిగినట్టు ఉండేది. కిరాయి ఇయ్యబోతే ఆయన తీసుకోలేదు.

డ్యూటీలో ఉన్న సిస్టర్ నడుము మీద చేత్తో తట్టింది. ఎగిరిపడ్డాను. ఆమె అందరినీ బయటికి పొమ్మని తెర లాగింది. "మంట ఉందా బిడ్డా? ఎన్ని రోజుల సంది?" అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె పేరు అడగాలని అప్పుడు తోచలేదు. తర్వాత వెళ్తే బదిలీ అయిందన్నారు.

డాక్టరమ్మ చెప్పింది ఇది. నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకుంటూ ఉంటే లోపల సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఆడవాళ్ళలో మూత్రమార్గం పొట్టిగా ఉంటుంది కాబట్టి అవి తొందరగా పైకి ఎక్కుతాయి. నాకు కిడ్నీ దాకా ఎక్కాయి. క్రియాటినిన్ కూడా ఉండాల్సినదానికన్నా పెరిగింది.

ఆ మాట వినగానే మా లైనులోని ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. డయాలసిస్‌కు కరీంనగర్ పోయి వచ్చేవాడు. ఆయన మోచేతి దగ్గర రక్తనాళం తాడులా ఉబ్బి ఉండేది, ముట్టుకుంటే జుమ్మని అదిరేది. రాత్రంతా నా చేతిని తడుముకుంటూ పడుకున్నాను.

మొదటి రెండు రోజులు జ్వరం దిగలేదు. మూత్రం కల్చర్ రిపోర్టు వచ్చాక సెలైన్‌లో ఎక్కించే మందు మార్చారు. ఆ మర్నాడు చెమటలు పట్టి జ్వరం దిగింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. బెడ్‌ప్యాన్ అమ్మే పెట్టింది, అమ్మే తీసింది. రెయిడ్‌లో నలుగురు పట్టుకున్నా గీత దాటి వచ్చేదాన్ని, మంచం దిగడానికి ఆమె భుజం పట్టుకోవాల్సి వచ్చింది. అట్లాంటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

బాపుకు డాక్టరమ్మే చెప్పింది. చాలాసేపటికి నా దగ్గరికి వచ్చాడు. "బాయిల మాకూ ఏం లేకుండె బిడ్డా. అందరం మొగోళ్ళమే, ఎవరూ అడగలే" అన్నాడు. భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పనిచేయడానికి అనుమతి వచ్చింది 2019లో. అంతదాకా అడిగేవాళ్ళు లేరు నిజమే. గ్రౌండులో మేమున్నాం కదా. మేమూ అడగలేదు.

జిల్లా జట్టు నేను లేకుండానే పోయింది. క్రియాటినిన్ మామూలుకు వచ్చింది కానీ, ఆ ఏడాది మళ్ళీ కోర్టులో దిగలేదు.

చదువులో పడ్డాక ఈ లెక్క అర్థమైంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. 2022లో మొదలైన మన ఊరు–మన బడి పథకంలో 12 పనులు పెట్టుకున్నారు. నీళ్ళతో సహా మరుగుదొడ్లు అందులో ఉన్నాయి, ఆటస్థలం లేదు. అదే ఏడాది ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్ జంప్ పిట్, కసరత్తు బార్లు వేశారు. అంటే మరుగుదొడ్డి డబ్బు బడి పద్దులో ఉంటుంది, కోర్టు డబ్బు ఆటల పద్దులో ఉంటుంది. బడి మూసి గ్రౌండు తెరిచిన పూట మధ్యలో ఇరుక్కునేది ఆడపిల్ల. మా గ్రౌండు మీద ఖర్చుపెట్టిన రూపాయి అందరిదీ అనే రాసి ఉంటుంది. దాంట్లో నా వంతుకు వచ్చింది చున్నీ అడ్డం.

అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదన్నది. 1979లో దానికి వివరణ ఇస్తూ ప్రాక్టీసు వేళలు, కోచ్‌లు, సామాన్లతో పాటు బట్టలు మార్చుకునే గదులనూ లెక్కలోకి తీసుకోవాలని రాశారు. మన దగ్గర బాక్సర్ నిఖత్ జరీన్ నిజామాబాద్ నుంచి వెళ్ళి 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె ఫోటో చూసి ఆడపిల్లలు గ్రౌండుకు వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఎక్కడికి పోవాలో ఆలోచించినట్టు లేదు.

నేను కోలుకున్నాక అమ్మ ఇంకొందరు తల్లులను కూడగట్టుకొని కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయింది. అమ్మకు సంతకం వస్తుంది, అంతే. దరఖాస్తు నా స్నేహితురాలి అక్క రాసిచ్చింది. ఇప్పుడు సెలవుల్లో బడి మరుగుదొడ్డి తాళంచెవి క్యాంపు పిల్లల దగ్గరే ఉంటోంది. గ్రౌండులో గది ఇంకా కట్టలేదు. అందాకా గ్రౌండు ఎదురుగా టిఫిన్ సెంటర్ నడిపే అక్క తన ఇంటి బాత్రూం మా పిల్లలకు తెరిచిపెట్టింది. నీళ్ళ బిల్లుకని ఏమన్నా ఇస్తామంటే తిట్టింది.

కొత్త గ్రౌండుకు పోతే ఇప్పటికీ ముందు మరుగుదొడ్డి ఎటుందో చూస్తాను. కనబడకపోతే సీసా మూత తీయడానికి చెయ్యి రాదు. బలవంతంగా తాగుతాను. నడుము కాస్త పట్టేసినా గుండె గుబేల్‌మంటుంది.

మీ బిడ్డ గ్రౌండు నుంచి నిండు సీసాతో ఇంటికి వస్తే ఊరుకోకండి. మంట ఉండి, చలిజ్వరం వచ్చి, నడుము పైన నొప్పి ఉంటే వడదెబ్బ అని సరిపెట్టుకోకుండా అదే రోజు మూత్ర పరీక్ష చేయించండి. ప్రజావాణి సోమవారం ఉంటుంది. దరఖాస్తులో "వసతులు కల్పించగలరు" అని మాత్రమే రాసి వదిలేయకండి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, నీళ్ళ కనెక్షన్ గ్రౌండు అంచనాలోనే చేర్చాలని రాయండి. తాళంచెవి సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాతపూర్వకంగా అడగండి.